ఒక్క పీరియడ్‌లో లీజె మైట్నర్ కథ చెప్పడం ఎలా

మొదటిసారి నేను ఈ కథ చెప్పినప్పుడు క్లాసంతా కదలకుండా విన్నది. ముందు బెంచీలో ఇద్దరు ఆడపిల్లలకి కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఫరవాలేదే, బాగానే చెప్పానని లోపల్లోపల మురిసిపోతుంటే, బెల్లు కొట్టే ముందు వెనక నుంచి ఒకడు లేచాడు.

"టీచర్, ఇంతకీ ఆవిడ ఏం కనిపెట్టారు?"

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడుగుతావేంట్రా అని కసురుకోబోయాను. తీరా చూసుకుంటే తప్పు వాడిది కాదు. రామాయణమంతా చెప్పి రాముడి ఊసెత్తనిది నేనే. నేలమాళిగ ల్యాబు, దేశం విడిచి పారిపోవడం, రాకుండాపోయిన నోబెల్, ఇవన్నీ చెప్పాను. యురేనియం పరమాణువు కేంద్రకం రెండుగా ఎలా చీలుతుందో లెక్కగట్టి చెప్పిన మనిషి ఆవిడ, ఆ ఫిజిక్సు మాత్రం ఒక్క వాక్యం లేదు. పాపం, పాపం అంటూ నలభై అయిదు నిమిషాలు గడిపేశాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఆ రోజు తర్వాత ఏటా ఈ పీరియడ్‌ని కొంచెం కొంచెం సరిచేసుకుంటూ వచ్చాను. ఇప్పుడది నా చేతికి అలవాటైన వంటలా ఉంది. సైన్స్ డేకో, ఫిబ్రవరి 11న జరిపే మహిళా శాస్త్రవేత్తల దినానికో ఎవరైనా చెప్పాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను. అన్నట్టు, ఆ చీలికని వివరించి, మైట్నర్ పేరు ప్రపంచమంతా తెలిసేలా చేసిన చిన్న ఉత్తరం 'నేచర్' పత్రికలో అచ్చయిన తేదీ కూడా 1939 ఫిబ్రవరి 11. ఎవరూ అనుకుని కలిపింది కాదనుకుంటాను గానీ, పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది.

ముందు రోజు సర్దుకోవాల్సినవి

చేమాకులు మూడు నాలుగు కావాలి. చామదుంపలు వేసిన పెరడు ఎవరింట్లో ఉందో పిల్లలకే తెలుసు, వాళ్ళతోనే తెప్పించండి. తామరాకు దొరికితే మరీ మంచిది. పొద్దున కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచాలి, వడిలిపోతే నీళ్ళు అంటుకుంటాయి. సూది తీసేసిన సిరంజి ఒకటి, అగ్గిపుల్లలు, ఆవర్తన పట్టిక చార్టు, స్కేలు, స్కెచ్ పెన్ను. యూరప్ మ్యాపు ఉంటే గోడకి తగిలించండి, లేకపోతే బోర్డు మీద నాలుగు చుక్కలు పెట్టి వియన్నా, బెర్లిన్, కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్ అని రాస్తే చాలు.

ఇంకొకటి, ఫోటో. ల్యాబు బల్ల దగ్గర మైట్నర్, ఆమెతో కలిసి పనిచేసిన ఓటో హాన్ పక్కపక్కన నిలబడ్డ పాత ఫోటో నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. ప్రింటు తీయించండి. ఫోన్‌లో చూపిస్తే యాభై మంది మీద పడతారు, పది నిమిషాలు గంగలో కలుస్తాయి.

పేరు పలకడం మీరు ముందుగా ప్రాక్టీసు చేసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి పిల్లలు "లైస్ మెయిట్నర్" అంటారు. లీజె మైట్నర్. బోర్డు మీద తెలుగులోనే పెద్దగా రాయండి.

మొదటి అయిదు నిమిషాలు: ఫోటో

ఫోటో చూపించి ఒకటే ప్రశ్న అడగండి: "వీళ్ళిద్దరిలో అసిస్టెంట్ ఎవరు?" ఇన్నేళ్ళలో ఒక్కరూ తప్పకుండా ఒకే జవాబు చెప్పారు. ఆవిడే అని. ఆడపిల్లలు కూడా. వెంటనే దిద్దకండి, అలా వదిలేయండి. ఆయన కెమిస్ట్రీ, ఆవిడ ఫిజిక్స్, ఇద్దరూ సమానంగా ముప్ఫై ఏళ్ళు కలిసి పనిచేశారని మాత్రం చెప్పి ముందుకి వెళ్ళండి. వాళ్ళు వాడిన పరికరాల బల్ల మ్యూనిక్‌లోని మ్యూజియంలో దశాబ్దాల పాటు హాన్ బల్ల అన్న పేరుతోనే ఉండేదని చివర్లో చెప్తే, ఈ ప్రశ్న వాళ్ళకే గుర్తొస్తుంది. దాని మీదున్న పరికరాల్లో చాలావరకు మైట్నర్ విభాగానివి.

తర్వాత పది నిమిషాలు: ఇక్కడ పరుగెత్తాలి

మనలాంటి వాళ్ళం బోల్తా పడేది ఇక్కడే. పుట్టుక, చదువు, ఉద్యోగం అంటూ సంవత్సరాలు అప్పజెప్పడం మొదలుపెడితే అసలు విషయానికి టైముండదు. నేను మూడే మూడు ముక్కలు చెప్తాను.

ఒకటి, చదువు. 1878లో వియన్నాలో ఒక యూదు లాయరుగారింట పుట్టింది, ఎనిమిది మంది పిల్లల్లో మూడోది. అప్పట్లో ఆస్ట్రియాలో ఆడపిల్లల సర్కారు చదువు పద్నాలుగేళ్ళకే ఆఖరు. యూనివర్సిటీ తలుపులు ఆడవాళ్ళకి తెరుచుకున్నది 1897లో. అప్పటికి ఈమెకి పద్దెనిమిది దాటాయి, మధ్యలో పోయిన హైస్కూలు చదువు మొత్తం ఉంది. ఎనిమిదేళ్ళ సిలబస్‌ని ట్యూషన్లు పెట్టించుకుని రెండేళ్ళలో లాగించింది. 1901లో పరీక్ష రాసిన పద్నాలుగు మంది అమ్మాయిల్లో పాసైంది నలుగురు. వాళ్ళలో ఈమె ఒకరు. 1906లో డాక్టరేట్. పదో తరగతి పిల్లలకి వయసు లెక్కలు వెంటనే ఎక్కుతాయి. "నీ వయసులో ఆవిడకి స్కూలు లేదు" అని ఒక్కమాట అని ఆపేయండి. ఉపన్యాసం వద్దు.

రెండు, బాత్రూం. 1907లో బెర్లిన్ వెళ్ళింది, పేరున్న భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ పాఠాలు వినడానికి. బెర్లిన్ ఉన్న ప్రష్యా రాష్ట్రంలో యూనివర్సిటీలు అప్పటికింకా ఆడవాళ్ళని చేర్చుకోవడం లేదు. హాన్‌తో కలిసి పనిచేయాలంటే ఆయన ఉన్నది కెమిస్ట్రీ ఇన్‌స్టిట్యూట్‌లో. అక్కడి డైరెక్టరు ఎమిల్ ఫిషర్ ఆడవాళ్ళని అడుగు పెట్టనివ్వడు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. కింద ఒకప్పుడు వడ్రంగి పని చేసిన గది ఉంది, దానికి వేరే గుమ్మం ఉంది. అక్కడ పనిచేసుకోవచ్చు, పైకి మాత్రం రాకూడదు. బిల్డింగులో ఆమె వాడుకోవడానికి బాత్రూం లేదు. అవసరమైతే వీధిలోకి వెళ్ళి ఒక హోటల్లో వాడుకోవాల్సిందే. 1908లో రూలు మారాకే ఆడవాళ్ళకంటూ ఒకటి కట్టించారు.

ఇది చెప్పగానే మగపిల్లలు నవ్వుతారు. ఆడపిల్లలు నవ్వరు. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక స్కూల్లో ఆడపిల్లల బాత్రూంకి రెండేళ్ళు నీళ్ళు లేవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా కూర్చునేవాళ్ళు. ఆ విషయం నేను క్లాసులో ఎత్తను. అక్కర్లేదు, ఎవరికి వాళ్ళకి అర్థమవుతుంది.

జీతం సంగతి కూడా ఇక్కడే. మొదటి అయిదేళ్ళూ జీతం లేదు, ఇంటి నుంచి వచ్చే డబ్బే. 1912లో ప్లాంక్ ఆమెని అసిస్టెంటుగా పెట్టుకున్నాడు. పని ఏమిటంటే విద్యార్థుల పేపర్లు దిద్దడం. (టీచర్లమైన మనకి ఇది మహా ఆనందం.)

మూడు, నవ్వు కోసం ఒకటి. 1922లో యూనివర్సిటీలో పాఠం చెప్పే అర్హత వచ్చినప్పుడు మొదటి ఉపన్యాసం కాస్మిక్ ఫిజిక్స్ మీద ఇచ్చింది. ఒక పేపరువాళ్ళు 'కాస్మెటిక్ ఫిజిక్స్' అని వేశారు. ఆడమనిషి ఫిజిక్స్ చెప్పిందంటే పౌడరూ, క్రీములే అయ్యుంటాయనుకున్నారేమో. 1926కి ఆమె జర్మనీలో ఫిజిక్స్ ప్రొఫెసరైన మొట్టమొదటి మహిళ.

ఈ మధ్యలో చార్టు మీద 91వ గడి చూపించండి. ప్రొటాక్టినియం. 1918లో హాన్, మైట్నర్ ప్రకటించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో హాన్ ఎక్కువ కాలం సైన్యంలో ఉంటే ల్యాబులో పని చాలావరకు నడిపింది ఈమే. ఆ గడి పక్కనే ఉన్న 92 ఏమిటో చదవమనండి. యురేనియం. అక్కడికి వేలు పెట్టించి ఉంచండి, మిగతా కథంతా ఆ గడిలోనే.

అయిదు నిమిషాలు: పెట్టె

హిట్లర్ వచ్చాక, 1933లో ఆమె పాఠం చెప్పే హక్కు తీసేశారు. ఆస్ట్రియా పౌరురాలు కాబట్టి ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన మాత్రం సాగింది. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాని కలిపేసుకోగానే ఆ రక్షణా పోయింది. పాస్‌పోర్టు చెల్లదు, కొత్తది ఇవ్వరు. శాస్త్రవేత్తలు దేశం దాటకూడదన్న ఆంక్షలు వస్తున్నాయి.

నెదర్లాండ్స్ నుంచి డిర్క్ కోస్టర్ అనే భౌతిక శాస్త్రవేత్త వచ్చి జులై 13న ఆమెని రైల్లో సరిహద్దు దాటించాడు. ముందు రోజు అనుమానం రాకుండా రాత్రి ఎనిమిదింటి దాకా ల్యాబులోనే కూర్చుని ఒక కుర్ర పరిశోధకుడి వ్యాసం దిద్దింది. సర్దుకోవడానికి గంటన్నర టైము. చేతిలో 10 మార్కులు. దారిలో కాపలావాళ్ళకి లంచం ఇవ్వాల్సి వస్తుందేమోనని హాన్ తన తల్లి వజ్రపుటుంగరం తీసి ఇచ్చాడు. అది వాడాల్సిన అవసరం రాలేదు.

పిల్లల్ని ఒక్క నిమిషం కళ్ళు మూసుకోమని, గంటన్నరలో ఇంట్లోంచి ఏం తీసుకెళ్తారో నోట్‌బుక్కులో మూడు వస్తువులు రాయమనండి. సెల్‌ఫోను, ఛార్జరు, అమ్మ. ఏటా ఇవే. ఆవిడ వయసు అప్పటికి యాభైతొమ్మిది అని చెప్పండి. నాకిప్పుడు యాభైఆరు. మోకాళ్ళు నొప్పి పుడితేనే మేడ మెట్లు ఎక్కలేను.

చివరికి స్టాక్‌హోమ్ చేరింది. కూర్చోవడానికి చోటిచ్చారు గానీ చేతికి సరైన పరికరాలు ఇవ్వలేదు, సహాయకుల్నీ ఇవ్వలేదు. ఇక్కడితో ఏడుపు కట్. లేచి చేమాకులు తీయండి.

ఇరవై నిమిషాలు: చేమాకు, మంచు, లెక్క

ముందు చిక్కు ఏమిటో చెప్పాలి. 1934 నుంచి బెర్లిన్‌లో మైట్నర్, హాన్, కుర్ర కెమిస్టు ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి చూస్తున్నారు. యురేనియం కంటే బరువైన కొత్త మూలకాలు వస్తాయని అందరి నమ్మకం. రోమ్‌లో భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ నమ్మకమూ అదే. ఈ ముగ్గురు పరిశోధకుల్లో మైట్నర్ వెళ్ళిపోయాక మిగిలిన ఇద్దరికీ రేడియంలా ప్రవర్తించే పదార్థం కనబడింది. నవంబరులో కోపెన్‌హాగెన్‌లో హాన్‌ని కలిసినప్పుడు, ఆ రేడియాన్ని మళ్ళీ గట్టిగా పరీక్షించమని పట్టుబట్టింది మైట్నరే. పరీక్షించారు. అది రేడియం కాదు. బేరియం.

పిల్లల్ని చార్టు దగ్గరికి పిలవండి. రేడియం 88, దానికి సరిగ్గా పై గడిలో బేరియం 56. (గడి నంబరంటే కేంద్రకంలో ఉన్న ప్రోటాన్ల లెక్కే.) ఒకే నిలువు వరస, అందుకే కెమిస్ట్రీలో అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, పోల్చుకోవడం కష్టం. ఇప్పుడు అడగండి: "92తో మొదలుపెడితే 56 ఎలా వచ్చింది?" ఒక్క న్యూట్రాన్ తగిలితే కేంద్రకం నుంచి ఒకటో రెండో ముక్కలు రాలడం అప్పటికి తెలుసు. 36 ప్రోటాన్లు ఒకేసారి పోవడమేంటి?

డిసెంబరు 19న హాన్ ఈ సంగతి ఉత్తరం రాసి, దీనికి నువ్వేమైనా దారి చెప్పగలవా అని అడిగాడు. అప్పుడు క్రిస్మస్ సెలవలు. స్వీడన్ పడమటి తీరం వైపు కుంగెల్వ్ అనే చిన్న ఊళ్ళో స్నేహితురాలు ఎవా ఫాన్ బార్ దగ్గరికి వెళ్ళింది మైట్నర్. ఆ స్నేహితురాలిదీ ఫిజిక్సే. అక్క కొడుకు ఓటో ఫ్రిష్ కూడా కోపెన్‌హాగెన్ నుంచి వచ్చాడు, అతనూ భౌతిక శాస్త్రవేత్తే. పొద్దున టిఫిను దగ్గర తను చేయబోయే ప్రయోగం గురించి చెబుదామని కూర్చుంటే, పిన్ని చేతిలో ఉత్తరం పెట్టి ముందు ఇది చదువు అంది. (తల్లికి చెల్లెలు కాబట్టి మన లెక్కలో పిన్నే. నేను పిన్ని అనే చెప్తాను, క్లాసు దగ్గరవుతుంది.) ఇద్దరూ మంచులోకి నడకకి బయల్దేరారు. అతను కాళ్ళకి స్కీలు కట్టుకున్నాడు, ఆవిడ మామూలుగా నడుస్తానంది, నడిచింది కూడా.

ఇప్పుడు ఆకు బల్ల మీద పరవండి. సిరంజితో ఒక చిన్న బొట్టు వేయండి. ముత్యంలా గుండ్రంగా నిలబడుతుంది. తామరాకు మీద నీటిబొట్టు అని మనం అంటూనే ఉంటాం, ఎందుకు గుండ్రంగా ఉంటుందో అడగం. నీటి కణాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, బొట్టుకి చుట్టూ చర్మం ఉన్నట్టు ఉంటుంది. అది తలతన్యత. కేంద్రకాన్ని ఇలాంటి బొట్టుగా ఊహించవచ్చన్నది అప్పటికే ఉన్న ఆలోచన, కోపెన్‌హాగెన్‌లో ఉండే భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ దాన్ని బాగా ముందుకి తీసుకెళ్ళాడు. ఇప్పుడు అదే బొట్టుకి ఇంకా నీళ్ళు కలుపుతూ పోండి. పెద్దదయ్యేకొద్దీ గుండ్రం పోతుంది, చప్పిడిదవుతుంది, ఆకు కదిలిస్తే అటూ ఇటూ ఊగుతుంది. అదే యురేనియం. రెండు అగ్గిపుల్లల కొసలు తడిపి బొట్టు రెండు చివర్లా ఆనించి మెల్లగా చెరో వైపు లాగండి. సాగుతుంది. నడుం సన్నబడుతుంది. టప్పున రెండవుతుంది.

ఆ క్షణంలో క్లాసు చేసే చప్పుడు కోసమే నేను ఏటా చేమాకులు మోస్తాను. తర్వాత ప్రతి బెంచీకి ఒక ఆకు ఇచ్చి వాళ్ళనే చేయనివ్వండి. చిన్న బొట్టుని విడదీయమనండి, మొండికేస్తుంది. పెద్దది చెప్పినట్టు వింటుంది.

తెలివైన పిల్ల ఒకత్తె తప్పకుండా పట్టుకుంటుంది: "టీచర్, బొట్టు బరువుకి చప్పిడిదైంది కదా, కేంద్రకానికి బరువేముంది?" నిజమే, దాచకండి. ఆకు మీద బొట్టుని అణిచేది భూమ్యాకర్షణ. కేంద్రకంలో ఆ పని చేసేది ప్రోటాన్ల మధ్య వికర్షణ. ప్రోటాన్లు పెరిగేకొద్దీ ఆ 'చర్మం' పట్టు తగ్గుతూ వస్తుంది. ప్రోటాన్లు 100 దగ్గరికి వచ్చేసరికి పట్టు దాదాపు సున్నా అవుతుందని ఫ్రిష్, మైట్నర్ లెక్క. 92 అంటే అంచున నిలబడ్డట్టే. ఒక్క న్యూట్రాన్ వచ్చి తగిలితే చాలు.

92లోంచి 56 తీసేస్తే ఎంత? 36. చార్టులో 36 ఎవరు? క్రిప్టాన్. ఈ తీసివేత పిల్లలతోనే చేయించండి, మీరు నోరు తెరవకండి.

ఇక అసలు లెక్క. మంచులో పడి ఉన్న చెట్టు దుంగ మీద కూర్చుని, జేబుల్లో ఉన్న చిన్న కాగితాల మీద ఇద్దరూ వేసిన లెక్క. క్లాసుని రెండు భాగాలు చేయండి. ఎడమ వరసలకి ఒకటి, కుడి వరసలకి ఒకటి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు.

ఎడమ వైపుకి: విడిపోయిన రెండు ముక్కలూ ధనావేశాలే, ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. ఆ శక్తి ఎంత? బేరియం ఆవేశం 56 × 1.6 × 10⁻¹⁹, క్రిప్టాన్ ఆవేశం 36 × 1.6 × 10⁻¹⁹. రెండూ గుణించి, 9 × 10⁹తో గుణించి, మధ్య దూరం 14.5 × 10⁻¹⁵ మీటర్లతో భాగించాలి. సూత్రం బోర్డు మీద రాసివ్వండి, ఎలా వచ్చిందో ఇంటర్‌లో చూస్తారని చెప్పండి. జవాబు 3.2 × 10⁻¹¹ జౌళ్ళు.

కుడి వైపుకి: యురేనియం బరువుకీ, విడిపోయిన ముక్కల మొత్తం బరువుకీ తేడా ఉంది. సుమారు ఒక ప్రోటాన్ బరువులో అయిదో వంతు మాయమైంది. ప్రోటాన్ 1.67 × 10⁻²⁷ కిలోలు, అందులో అయిదో వంతు 3.34 × 10⁻²⁸. దాన్ని కాంతి వేగం వర్గంతో, అంటే 9 × 10¹⁶తో గుణించండి. జవాబు 3.0 × 10⁻¹¹ జౌళ్ళు.

ఇప్పుడు చెరో వైపు నుంచి ఒకరిని పిలిచి బోర్డు మీద రాయించండి. రెండు వేరు వేరు దారులు, ఒకే ఊరు. ఆ రోజు దుంగ మీద జరిగింది అచ్చంగా ఇదే. తన్నుకుని పోవడానికి కావాల్సిన శక్తి ఒకరు వేశారు, అది ఎక్కడి నుంచి వస్తుందన్నది బరువుల తేడా నుంచి తేలింది. కేంద్రకాల బరువులు లెక్కగట్టే సూత్రం మైట్నర్‌కి నోటికొచ్చు. ద్రవ్యరాశే శక్తి అన్న సంగతి ముప్ఫై ఏళ్ళ కింద, 1909లో సాల్జ్‌బర్గ్‌లో ఐన్‌స్టీన్ నోటి నుంచే విన్నది. అలా విన్న మాట ముప్ఫై ఏళ్ళ తర్వాత మంచులో పనికొచ్చింది.

14.5 ఎక్కడిదని పిల్లలు అడిగితే: రెండు ముక్కలు గుండ్రంగా ఉండి అంటుకుని ఉంటే దూరం 12 లోపే వస్తుంది, శక్తి ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. కానీ తెగే క్షణంలో బొట్టు సాగి ఉంటుంది, ఇందాక ఆకు మీద చూశారు కదా, అందుకే కాస్త ఎక్కువ తీసుకున్నాం అని చెప్పండి.

జౌళ్ళలో చెబితే ఆ సంఖ్య చప్పగా ఉంటుంది. పరమాణువుల శక్తిని కొలిచే చిన్న కొలత, ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చితే 20 కోట్లు. బొగ్గులో ఒక కార్బన్ పరమాణువు కాలితే వచ్చేది సుమారు 4. అంటే అయిదు కోట్ల రెట్లు. సింగరేణి పిల్లలకి ఈ పోలిక ఇట్టే పడుతుంది.

ఫ్రిష్ కోపెన్‌హాగెన్ వెళ్ళి చెబితే బోర్ నుదురు కొట్టుకున్నాడట, ఎంత మూర్ఖులమయ్యాం అని. జనవరిలో ఫ్రిష్ ప్రయోగం చేసి ఆ శక్తి తునకల్ని చూశాడు. జీవకణం రెండుగా చీలడాన్ని ఏమంటారని ఒక జీవశాస్త్రవేత్తని అడిగి, ఇంగ్లీషులో ఫిషన్ అన్న పేరు పెట్టాడు. మన పుస్తకాల్లో కేంద్రక విచ్ఛిత్తి.

ఒక విషయం దాచకుండా చెప్పండి. 1934లోనే ఇడా నొడాక్ అనే జర్మన్ కెమిస్టు, కేంద్రకం పెద్ద ముక్కలుగా పగులుతుందేమో చూడండని రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. మైట్నర్ కూడా పట్టించుకోలేదు. ఈ మాట చెప్పాకే నా క్లాసులో మైట్నర్ దేవత నుంచి మనిషిగా మారింది.

మిగిలిన అయిదు నిమిషాలు: ప్రశ్నలు

ఏటా వచ్చేవి ఇవే, సిద్ధంగా ఉండండి.

"నోబెల్ ఎందుకివ్వలేదు?" 1944 కెమిస్ట్రీ నోబెల్ హాన్ ఒక్కడికే ప్రకటించారు, అదీ 1945 నవంబరులో. మైట్నర్ పేరు ఏళ్ళ తరబడి నలభైకి పైగా సార్లు ప్రతిపాదనకి వెళ్ళింది. కమిటీ కాగితాలు యాభై ఏళ్ళు తాళంలో ఉంటాయి. అవి బయటపడ్డాక చూస్తే కెమిస్ట్రీకీ ఫిజిక్స్‌కీ మధ్య పడ్డ పనిని కమిటీ సరిగ్గా తూచలేదని తెలిసింది. హాన్‌ని విలన్‌ని చేయకండి. ఉంగరం ఇచ్చింది అతనే. తర్వాతి ఏళ్ళలో ఈ కథ చెప్పేటప్పుడు ఆమె పాత్రని తగ్గించి చెప్పిందీ అతనే. రెండూ చెప్పండి, పిల్లలు తట్టుకుంటారు.

"బాంబు చేసింది ఆవిడేనా?" కాదు. 1943లో అమెరికా బాంబు పనికి పిలుపు వచ్చింది, బాంబుతో నాకు సంబంధం వద్దని చెప్పేసింది. ఫ్రిష్ వెళ్ళాడు. అయినా యుద్ధం అయ్యాక అమెరికా పత్రికలు ఆమెకి బాంబు తల్లి అని పేరు పెట్టాయి.

"యురేనియం మన దగ్గర ఉందా?" కడప జిల్లా తుమ్మలపల్లెలో గని ఉంది. రియాక్టర్లకి ఇంధనం హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతుంది. దీని మీద చర్చ మొదలైతే ఇంకో పీరియడ్ కావాలి, జాగ్రత్త.

"పెళ్ళి చేసుకున్నారా టీచర్?" లేదు. వెంటనే నేను ఎదురడుగుతాను: హాన్ పెళ్ళి గురించి ఎవరూ అడగలేదేం?

"తర్వాత ఏమయ్యారు?" ఇరవై ఏళ్ళకి పైగా స్వీడన్‌లో పనిచేసి, 1960లో ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌కి ఫ్రిష్ దగ్గరికి వెళ్ళింది. 1966లో హాన్, స్ట్రాస్‌మన్‌లతో కలిపి ఫెర్మీ అవార్డు ఇచ్చారు. 1968 అక్టోబరు 27న, తొంభై నిండడానికి కొద్ది రోజుల ముందు పోయింది. సమాధి రాయి మీద మాటలు ఫ్రిష్ రాశాడు: మనిషితనాన్ని ఎన్నడూ పోగొట్టుకోని భౌతిక శాస్త్రవేత్త అని.

బెల్లు కొట్టే లోపు ఒక పని మిగిలి ఉంటుంది. 109వ మూలకానికి 1997లో మైట్నీరియం అని పేరు ఖాయమైంది. మా ల్యాబు గోడ మీద చార్టు 103తో ఆగిపోయింది, మీదీ అంతే అయ్యుంటుంది. ఇరిడియం, అంటే 77వ గడి కిందికి 109 రావాలి. దానికి ముందు 104 నుంచి 108 దాకా అయిదు గడులు గీయాలి, చార్టు కింద ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. మాకు సరిపోక ఒక తెల్ల కాగితం అతికించాం. ఏటా ఒకరికి స్కెచ్ పెన్ను ఇచ్చి ఆ పేరు మళ్ళీ దిద్దిస్తాను, ఎండకి వెలిసిపోతూ ఉంటుంది. పోయిన ఏడాది దిద్దిన పిల్ల 'మై'కి బదులు 'మె' రాసింది. స్కేలు, రబ్బరు రెండూ తీసుకెళ్ళండి.